ఇంటి పూల్ దగ్గర ఏ చెప్పులు వేసుకోవాలి? నేల చూసి, కాలు చూసి ఎంచుకునే పద్ధతి

శంకర్‌పల్లి, మొయినాబాద్, చేవెళ్ల వైపు ఫామ్‌హౌస్‌లో పూల్ కట్టించుకున్నవాళ్లూ, డాలస్‌లోనో ఫీనిక్స్‌లోనో పెరట్లో పూల్ ఉన్న ఇల్లు కొనుక్కున్న మనవాళ్లూ నన్ను ఒకటే అడుగుతుంటారు: "పూల్ దగ్గరకి ఏ చెప్పులు మంచివి? కంపెనీ పేరు చెప్పండి, కొనేస్తాం." నేను తిరిగి అడుగుతాను, "మీ పూల్ చుట్టూ ఏ బండ వేశారు?" అని. చాలామందికి వెంటనే గుర్తురాదు. అది తెలియకుండా చెప్పుల సంగతి చెప్పడం కుదరదు.

మూడేళ్ల కిందట మా పెద్దమ్మ మా పూల్ పక్కనే జారిపడింది. ఒట్టికాళ్లతో కాదు, చెప్పులు వేసుకునే పడింది. అవేమీ నాసిరకం కావు. కింద లోతైన పళ్లున్న ట్రెక్కింగ్ శాండిల్స్, కొని పది రోజులు కూడా కాలేదు. కొండ దారిలో మట్టిని పట్టుకోవడానికి చేసిన ఆ పళ్లు తడిసిన పాలిష్ గ్రానైట్ మీద దేన్నీ పట్టుకోలేకపోయాయి. మణికట్టు విరిగి ఆరు వారాలు కట్టుతో ఉంది. ఆ తర్వాతే నేను ఈ విషయం మీద కూర్చుని, ఇంట్లో ఉన్న ప్రతి జతనూ తడి నేల మీద పెట్టి చూడటం మొదలుపెట్టాను. కింద రాసిందంతా అలా చేసి తెలుసుకున్నదే.

కావలసినవి

- తెల్ల కాగితాలు, పెన్సిలు, స్కేలు
- ఒక బకెట్ నీళ్లు, మగ్గు
- పూల్ చుట్టూ వేసిన బండలోనో టైల్‌లోనో మిగిలిపోయిన ముక్క. ఇల్లు కట్టినప్పటివి షెడ్డులో ఎక్కడో ఒకచోట ఉంటాయి, వెతకండి
- రెండు కిలోల కందిపప్పు ప్యాకెట్టు, కట్టడానికి పురికొస
- వంటింటి తూకం
- ఒక సాయంత్రం పూట తీరిక

1. ముందు నేలను చూడండి

మధ్యాహ్నం ఒకసారి, నీళ్లు చల్లాక ఒకసారి చూడాలి.

మధ్యాహ్నం రెండు గంటలకి అరచేతిని తిరగేసి, చేతి వెనక భాగాన్ని బండ మీద ఆనించండి. ఐదు లెక్కపెట్టేలోగా చెయ్యి తీసేయాల్సి వస్తే ఆ నేల మీద ఒట్టికాళ్లతో నడవకూడదు, పిల్లల్ని అసలే నడవనివ్వకూడదు. నల్ల గ్రానైట్, కడప బండ లాంటి ముదురు రంగువి మే నెలలో పెనంలా కాలుతాయి. లేత రంగు తాండూరు బండ కొంత నయం. అలాంటి ముదురు నేల ఉంటే పల్చటి అట్ట ఉన్న చెప్పులు పనికిరావు, కనీసం ఒకటిన్నర సెంటీమీటర్ల మందం కావాలి.

తర్వాత నాలుగు మగ్గుల నీళ్లు పోసి చూడండి. నీళ్లు అద్దంలా పరుచుకుని నిలబడితే అది నున్నటి నేల. పాలిష్ చేసిన గ్రానైట్, మెరిసే విట్రిఫైడ్ టైల్స్, పాలిష్ చేసిన బేతంచర్ల బండ అన్నీ ఇదే జాతి. నీళ్లు చిన్న చిన్న గుంటల్లో ఇంకినట్టు కనిపించి, వేలితో రాస్తే గరగరమంటే గరుకు నేల. మంట పెట్టి గరుకు చేసిన గ్రానైట్, పాలిష్ చేయని తాండూరు, షాబాదు బండలు ఇలా ఉంటాయి.

గరుకు నేల ఉన్నవాళ్లకి చెప్పుల ఎంపిక తేలిక. నున్నటి నేల ఉన్నవాళ్లు మాత్రం ఆరో మెట్టు దాటవేయకండి.

ఇంకొకటి. బండల మధ్య సందుల్లో, చెట్టు నీడ పడే మూలలో పచ్చగా పాచి పట్టిందేమో చూడండి. పాచి మీద ఏ చెప్పూ ఆగదు. ముందు గట్టి బ్రష్షుతో రుద్ది కడిగించండి, తర్వాతే చెప్పుల మాట.

2. ఎవరి కాళ్లకో రాసుకోండి

అందరికీ ఒకే రకం కొనేస్తే డజను లెక్కన చవగ్గా రావచ్చు. కానీ తోడల్లుడికి సరిపడేది అత్తగారికి ప్రమాదం.

షుగర్ ఉన్నవాళ్లు: వీళ్ల సంగతి ముందు చూడాలి. షుగర్ వల్ల కాలిలో స్పర్శ తగ్గినవాళ్లకి బండ కాలుతున్నట్టు తెలియదు, చెప్పు జారిపోయినా తెలియదు. బొబ్బ లేచాక సాయంత్రం ఎవరో చూసి చెబుతారు. వీళ్లకి వెనక మడమ చుట్టూ బెల్టు ఉన్నవే కొనండి. బొటనవేలి సందులో పట్టీ ఉండేవి వద్దు. అరికాలికి గుచ్చుకునే ఆక్యుప్రెషర్ చెప్పులు అసలే వద్దు. షుగర్ ఉన్నవాళ్లు రోజూ వేసుకునే ఎంసీఆర్ చెప్పులనే, అంటే మెత్తటి రబ్బరు అడుగున్నవాటినే, పూల్ దగ్గరకి తేకండి. వాటికి తోలు పట్టీలు గానీ బట్ట లైనింగ్ గానీ ఉంటే నానిపోయి కాలిని ఒరుసుకుంటాయి.

అరవై దాటినవాళ్లు: మెత్తగా మేఘంలా ఉంటాయని ఇప్పుడు మందపాటి స్లిప్పర్లు వస్తున్నాయి. కాలు పెట్టగానే హాయిగానే ఉంటుంది. అయితే నాలుగు సెంటీమీటర్ల మెత్తటి సోలు మీద నిలబడినప్పుడు కాలు పక్కకి ఒరుగుతుంది, చీలమండ మెలిపడుతుంది. పెద్దవాళ్లకి రెండు, రెండున్నర సెంటీమీటర్లు మించని, వేలితో నొక్కితే కొంచెమే లోపలికి వెళ్లే సోలు మంచిది.

పిల్లలు: వెనక బెల్టు తప్పనిసరి. "పెరిగే పిల్లాడు కదా" అని రెండు నంబర్లు పెద్దవి కొనే అలవాటు స్కూలు బూట్ల దగ్గరే ఇబ్బంది పెడుతుంది. తడి నేల మీదైతే అది పళ్లు ఊడగొట్టే అలవాటు.

మెట్టెలు పెట్టుకునేవాళ్లు: దీన్ని కొట్లో ఎవరూ చెప్పరు. హవాయి చెప్పుల పట్టీ బొటనవేలికీ రెండో వేలికీ మధ్య ఉంటుంది, మెట్టె ఉండేదీ ఆ రెండో వేలికే. తడిసిన రబ్బరు పట్టీ మెట్టెని నొక్కుతూ ఉంటే అరగంటలో వేలు ఎర్రగా ఒరుసుకుపోతుంది. నీళ్లలోకి దిగేటప్పుడు వేసుకునే బిగుతైన ఆక్వా షూస్‌లో అయితే మెట్టె అంచు జాలీని చింపుతుంది. వీళ్లకి పైన వెడల్పాటి అడ్డపట్టీ, వెనక బెల్టు ఉన్నవి హాయిగా ఉంటాయి.

3. కాలు సాయంత్రం కొలవండి

రోజంతా తిరిగాక పాదాలు కొంచెం ఉబ్బుతాయి. పొద్దున కొలిచి కొన్నవి సాయంత్రం బిగుస్తాయి. కాగితాన్ని గోడకి ఆనించి నేల మీద పరచండి. మడమ గోడకి తగిలేలా నిలబడండి, కూర్చుని కాదు. పొడుగ్గా ఉన్న వేలి చివర గీత పెట్టి సెంటీమీటర్లలో కొలవండి. రెండు కాళ్లూ కొలిచి పెద్దదాని లెక్కే తీసుకోండి.

మన కొట్లలో ఉండే నంబర్లు మామూలుగా యూకే పద్ధతివి. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు అమెరికా నంబరు కనబడితే ఆగండి. మగవాళ్ల అమెరికా 7 అంటే మనకి 6. క్లాగుల మీద, అంటే ముందు మూసి ఉండి రంధ్రాలున్న ఫోము చెప్పుల మీద, 'ఎం 7, డబ్ల్యూ 9' అని రెండు నంబర్లు చెక్కి ఉంటాయి, ఒకటి మగవాళ్లది, రెండోది ఆడవాళ్లది. నంబర్ల గొడవ లేకుండా సెంటీమీటర్ల పట్టిక చూసి కొనడమే మేలు.

వేలి ముందు ఒక సెంటీమీటరు ఖాళీ చాలు. మడమ చెప్పు అంచు దాటి బయటికి రాకూడదు.

4. రకం ఎంచుకోండి

హవాయి చెప్పులు: రబ్బరువైతే తడి మీద పట్టు బాగానే ఉంటుంది, కడగడం తేలిక, ఖర్చు తక్కువ. కొనేటప్పుడు ఐఎస్‌ఐ ముద్ర, దాని దగ్గర ఐఎస్ 10702 అనే అంకె ఉందేమో చూడండి, అది రబ్బరు హవాయి చెప్పుల ప్రమాణం. ఇబ్బంది ఏమిటంటే నడిచినప్పుడల్లా మడమ దగ్గర టపటపమని కొడుతూ నీళ్లని పిక్కల మీదకి చిమ్ముతాయి. కాలు తడిగా ఉన్నప్పుడు పాదం పక్కకి జారి పట్టీ మీద భారం పడుతుంది. నడివయసులో ఉండి, నడక గట్టిగా ఉండి, గరుకు నేల ఉన్నవాళ్లకి ఇవి చాలు.

స్లైడ్లు, అంటే పైన ఒకటే అడ్డపట్టీ ఉన్నవి: వేసుకోవడం, విప్పడం సులువు. పూల్ నుంచి రాగానే తడికాలు పెడితే మాత్రం పాదం ముందుకి జారి వేళ్లు అంచు దాటి నేలకి తగులుతాయి. ఒళ్లు తుడుచుకుని కూర్చునేవాళ్లకి సరే. నిచ్చెన దిగి ఎక్కి తిరిగేవాళ్లకి వద్దు.

క్లాగులు: ఈ రకాన్ని క్రాక్స్ కంపెనీ 2002లో అమెరికాలో పడవల మీద వేసుకోవడానికే మొదలుపెట్టింది. అందుకే నీళ్లు పోయే రంధ్రాలు, తేలికైన ఫోము, వెనక్కి తిప్పుకునే బెల్టు. చాలా ఇళ్లకి నేను చెప్పేవి ఇవే, కాకపోతే రెండు షరతులు. బెల్టు మడమ వెనక్కి వేసుకునే నడవాలి, పైకి మడిచి కాదు. కింద గాట్లు అరిగిన రోజున మార్చేయాలి. అరిగిన క్లాగు తడి టైల్ మీద సబ్బు బిళ్లలా ఉంటుంది.

బెల్టు శాండిల్స్: రబ్బరు సోలు, నైలాను కాకుండా ఫోము లేదా రబ్బరు పట్టీలు, వెనక బెల్టు. పెద్దవాళ్లకి, షుగర్ ఉన్నవాళ్లకి నా ఓటు వీటికే. వెల్‌క్రో ఉంటే వంగలేనివాళ్లకి ఇంకా సులువు. ఆ అంటుకునే భాగంలో వెంట్రుకలు, దారప్పోగులు చేరితే పట్టు పోతుంది, పాత టూత్‌బ్రష్షుతో దువ్వితే మళ్లీ వస్తుంది.

ఆక్వా షూస్: సాక్సులా కాలికి అతుక్కుని, కింద పల్చటి రబ్బరు ఉండేవి. ఇవి నీళ్లలోకి దిగడానికి. పూల్ అడుగు గరుకుగా ఉన్నా, మొజాయిక్ టైల్స్ అంచులు లేచినా పిల్లల కాళ్లు, షుగర్ ఉన్నవాళ్ల కాళ్లు గీసుకోకుండా కాపాడతాయి. అడుగు పల్చన కాబట్టి కాలే బండ మీద ఎక్కువసేపు తిరగడానికి సరిపోవు. ఆరడానికి కూడా ఎక్కువసేపు పడుతుంది.

తోలు చెప్పులు, బట్ట లైనింగ్ ఉన్నవి, ఇంట్లో తిరిగే నురుగు స్లిప్పర్లు పూల్ దగ్గర వద్దే వద్దు. క్లోరిన్ నీళ్లకి తోలు బిరుసెక్కి పగులుతుంది. పీయూ (పాలీయూరిథేన్) సోలు ఉన్నవి తేమలో కొన్నాళ్లుంటే పొడిపొడిగా రాలిపోతాయి.

5. కొట్లో చేతిలోకి తీసుకుని చూడాల్సినవి

చెప్పుని తిరగేయండి. పెద్ద పెద్ద పళ్లు కాదు, దగ్గర దగ్గరగా ఉన్న సన్నటి గాట్లు కావాలి. ఆ గాట్లు చెప్పు అంచుదాకా వచ్చి బయటికి తెరుచుకోవాలి. కాలు ఆనినప్పుడు కింద ఉన్న నీళ్లు పక్కకి పోవడానికి దారి ఉంటేనే రబ్బరు బండని తాకుతుంది. గుండ్రటి మూసిన గళ్లుంటే నీళ్లు లోపలే చిక్కుకుంటాయి.

బొటనవేలి గోటితో సోలుని నొక్కండి. కొంచెం దిగి, తీయగానే మామూలైతే మంచిది. గోరు దిగకపోతే అది గట్టి ప్లాస్టిక్, తడిలో జారుతుంది.

తర్వాత పై భాగం చూడండి. దీన్ని చాలామంది వదిలేస్తారు. పాదం ఆనే చోటు నున్నగా మెరుస్తూ ఉంటే చెప్పు నేలని పట్టుకున్నా మీ కాలు చెప్పులోనే జారుతుంది. సన్నటి గీతలో, గుచ్చుకోని చిన్న బొడిపెలో ఉండాలి.

నల్ల సోలు అయితే తెల్ల కాగితం మీద గట్టిగా నాలుగుసార్లు రుద్దండి. గీత పడితే మీ లేత రంగు బండల మీదా పడుతుంది.

6. ఇంట్లో తడి పరీక్ష

బిల్లు దాచుకుని, బయట వేసుకోకముందే చేయండి.

మిగిలిన టైల్ ముక్కని నేల మీద పెట్టి మగ్గుతో నీళ్లు పోయండి. చెప్పులో కందిపప్పు ప్యాకెట్టు పెట్టి, జారకుండా పురికొసతో చుట్టి కట్టండి. టైల్ మీద ఆ చెప్పుని పెట్టి, టైల్ ఒక అంచుని మెల్లగా పైకెత్తండి. చెప్పు జారడం మొదలైన చోట అంచు ఎంత ఎత్తులో ఉందో స్కేలుతో కొలవండి. అదే టైల్, అదే పప్పు, అన్నే నీళ్లు పోసి ఇంకో జతతో చేయండి. ఎక్కువ ఎత్తు దాకా నిలిచిందే మీ నేలకి మంచిది. మా పెద్దమ్మ శాండిల్ జారిన ఎత్తుకి దాదాపు రెండింతల దాకా నిలిచింది, పక్కన పెట్టిన రెండు వందల రూపాయల హవాయి చెప్పు.

జాగ్రత్త: బండ ముక్క బరువుగా ఉంటే ఒక్కరే ఎత్తకండి, కాళ్లు దూరంగా పెట్టుకోండి. ఈ పరీక్ష ఏ జత మేలో చెబుతుంది, అంతే. ఏ చెప్పుతోనైనా తడి నేల మీద పరుగెత్తవచ్చని కాదు.

ఆ తర్వాత మీరే వేసుకుని చూడండి. పూల్ అంచున కాదు, దూరంగా, గోడనో రెయిలింగునో పట్టుకుని. నేల తడిపి, ఒక కాలి మీద బరువు వేసి ముందుకీ పక్కకీ నెట్టి చూడండి. కొబ్బరినూనె, సన్‌స్క్రీన్ రాసుకుని పూల్‌కి వచ్చే అలవాటున్న ఇల్లయితే అరికాలికి కొంచెం రాసుకుని చెప్పు లోపల పట్టు కూడా చూడండి. నూనె చుక్కలు బండ మీద పడితే వెంటనే సబ్బుతో కడిగేయాలి, చెప్పు మార్చినా లాభం లేదు.

నీళ్లు పీల్చుతుందా అన్నది తూకం చెబుతుంది. పొడి చెప్పుని తూచి రాసుకోండి. పది నిమిషాలు బకెట్లో ముంచి, దులిపి, బట్టతో తుడిచి మళ్లీ తూచండి. ఐదారు గ్రాములు పెరిగితే ఫర్వాలేదు. యాభై గ్రాములు పెరిగితే అది స్పాంజి. రోజంతా తడిగా ఉండి, వరినాట్లు వేసినవాళ్లకి ఒరిసిపోయినట్టు మీ వేళ్ల సందులు పాసిపోతాయి. వెనక్కి ఇచ్చేయండి.

7. పూల్ చెప్పులు పూల్ దగ్గరే

పూల్ గేటు దగ్గర ఒక చిన్న రాక్ పెట్టండి. బయటి చెప్పులు అక్కడ విడిచి, పూల్ చెప్పులు తొడుక్కుని లోపలికి. తిరిగి వెళ్లేటప్పుడు మళ్లీ మార్చుకోవాలి. బయట తొక్కిన మట్టి, ఇసుక లోపలికి వస్తే నీళ్లు మురికవుతాయి, ఇసుక రేణువులు సోలుకీ బండకీ మధ్య చేరి గోళీల్లా దొర్లుతాయి. గుడి దగ్గర చెప్పులు విడిచే అలవాటున్న మనకి ఇది కష్టమేమీ కాదు. వచ్చినవాళ్లకి ఒక్కసారి చెప్తే చాలు.

చుట్టాల కోసం 5, 7, 9 నంబర్లలో మూడు జతలు పెట్టుకోండి. ఒకరు విప్పిన తడి చెప్పులో ఇంకొకరు కాలు పెట్టనివ్వకండి. వేళ్ల సందుల్లో వచ్చే ఫంగస్ అంటుకునేది అలాగే. ఇంట్లో ఎవరి జతకి వాళ్ల పేరు పర్మనెంట్ మార్కరుతో రాస్తే గొడవ ఉండదు.

ఫామ్‌హౌస్‌లో ఉన్నవాళ్లు ఇది తప్పకుండా పాటించండి: కాలు పెట్టేముందు ప్రతిసారీ చెప్పుని తిరగేసి నేలకి కొట్టి దులపండి. ముందు మూసి ఉండే క్లాగులో చీకటి, తేమ రెండూ ఉంటాయి. మా దగ్గర వానాకాలంలో కప్పలు మామూలే, ఒకసారి జెర్రి, ఇంకోసారి తేలు. రాక్‌ని నేలకి అడుగున్నర ఎత్తులో పెట్టాక కాస్త తగ్గింది.

8. కడగడం, ఆరబెట్టడం

వాడిన ప్రతిసారీ మామూలు నీళ్లతో ఒకసారి కడగండి. వారానికోసారి సబ్బు, బ్రష్షు. కింద గాట్లలో ఇరుక్కున్న మట్టిని పుల్లతో తీయండి.

నీడలో, బోర్లించి ఆరబెట్టండి. ఎండలో వద్దు. ఈవీఏ అనే తేలిక ఫోముతో చేసినవి వేడికి కుంచించుకుపోతాయి. మే నెలలో కారు డిక్కీలో వదిలేసిన జత సాయంత్రానికి ఒక నంబరు చిన్నదైపోయి, ముందు భాగం పైకి లేచి వంకరపోవడం నేనే చూశాను. చెప్పు కింద వంకరపోతే సోలు పూర్తిగా నేలని తాకదు. దాన్ని సాగదీసి వాడుకోవాలని చూడకండి.

తరచుగా జరిగే పొరపాట్లు

చెప్పులతోనే ఈత కొట్టడం. క్లాగులు, స్లైడ్లు నీళ్లలో కాలిని పైకి లాగుతాయి, ఊడి తేలుతాయి, వాటికోసం పిల్లలు చెయ్యి చాచి లోతుకి పోతారు. నీళ్లలోకి ఆక్వా షూస్, లేదా ఒట్టికాళ్లు.

చెప్పులు పూల్ అంచునే విడవడం. బయటికి వచ్చేవాళ్లు వాటినే తొక్కి పడతారు. నిచ్చెన నుంచి రెండడుగులు పక్కకి విడవండి. ఎండ వేళైతే అక్కడిదాకా తడి తువ్వాలు పరిస్తే అరికాలు కాలదు.

అవే చెప్పులతో పంపు గదిలోకి వెళ్లడం. పూల్‌లో పోసే యాసిడ్, క్లోరిన్ పొడి క్లాగు రంధ్రాల్లోంచి నేరుగా కాలి మీద పడతాయి. మందు కలిపేవాళ్లకి గంబూట్లు ఉండాలి. పూల్ శుభ్రం చేయడానికి వచ్చే మనిషికి మీరే ఒక జత కొని పంపు గది తలుపు పక్కన పెట్టండి, అతని నంబరు అడిగి.

9. ఎప్పుడు మార్చాలి

నెలకోసారి తిరగేసి చూడండి. మడమ కింద, బొటనవేలి మెత్త కింద ముందు అరుగుతుంది. అక్కడ గాటులో గోరు ఆనకపోతే, మెరుపు వస్తే ఆ జత పని అయిపోయింది. పట్టీ కింద నుంచి ఊడి వస్తున్నా, ఒకవైపే అరిగి చెప్పు ఒరిగినా అంతే. అనుమానంగా ఉంటే మళ్లీ ఆ టైల్ ముక్క, కందిపప్పు తీయండి. కొన్నప్పుడు రాసుకున్న ఎత్తుకి బాగా కిందే జారిందంటే మార్చేయండి.

అరిగిన జతని వాచ్‌మన్‌కో పనమ్మాయికో ఇవ్వకండి. మీకు జారేది వాళ్లకీ జారుతుంది. పట్టీలు కత్తిరించి చెత్తలో వేయండి.